అటెండర్ నా చేతులు పట్టుకున్న వైవా

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైన వాళ్లే రాయాలని ఒక రివాజు ఉంది. నాకింకా ముప్పై దాటలేదు. అయితే కాంట్రాక్టు ఉద్యోగంలో ఒక సౌకర్యం ఉంది, వయసుతో పని లేకుండా ఎప్పుడైనా రిటైర్ కావచ్చు. ఎప్పుడన్నది మనం ఆలోచించుకునే పని కూడా లేదు, వాళ్లే చూసుకుంటారు. నేను అలా రిటైరైన వాణ్ని. శాలువా లేదు, సన్మానం లేదు. గుర్తింపు కార్డు వెనక్కి తీసుకుని, దాని తాడు మాత్రం ఉంచుకోమన్నారు. ఇప్పటికీ ఇంట్లో తాళంచెవులు దానికే వేలాడుతున్నాయి.

నా ఉద్యోగం సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్. కడపలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు వినపడని పిల్లల కోసం కామర్స్ గ్రూపులో కొత్తగా కొన్ని సీట్లు పెట్టారు. లెక్చరర్ నోటితో చెప్పేది నేను చేతులతో పిల్లలకు చెప్పాలి. పిల్లలు చేతులతో చెప్పేది నోటితో లెక్చరర్‌కు చెప్పాలి. చూసేవాళ్లకు తేలికగానే ఉంటుంది. ట్రాఫిక్ పోలీసు పని కూడా చూసేవాళ్లకు తేలికే.

ఈ మధ్య ఈ పనిలోకి తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు కొత్తగా వస్తున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. శిక్షణలో మీకు చాలా నేర్పుతారు. ఎక్కడ నిలబడాలి, ఏ రంగు చొక్కా వేసుకోవాలి, లెక్చరర్ ప్రొజెక్టర్ పెట్టి లైట్లన్నీ ఆర్పేస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివన్నీ. నేను చెప్పబోయేది అందులో ఉండదు. నా ఉద్యోగం మొత్తంలో నేను బాగా పనిచేశానని ఒప్పుకోదగ్గ రోజు ఒక్కటే ఉంది. ఆ రోజు నా చేతులు నా దగ్గర లేవు.

మాది కర్నూలు. మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. అందుకని మా ఇంట్లో తగాదాలన్నీ చేతులతోనే జరిగేవి. అరుపు బయటికి వచ్చేది కాదు కాబట్టి మా వీధిలో మాకు శాంతస్వభావులమని పేరుండేది. అక్కతో పోట్లాడీ పోట్లాడీ నాకు ఆ భాష వచ్చింది. బీకాం మాత్రం రాలేదు. కార్పొరేట్ అకౌంటింగ్ అనే పేపరు నన్ను రెండుసార్లు వెనక్కి పంపింది. మూడోసారి నేనే వెళ్లలేదు, మనిషన్నాక ఆత్మగౌరవం ఉండాలి గదా. హైదరాబాద్ వెళ్లి సైగల భాషలో డిప్లొమా చేసి, అకౌంట్లతో ఇక నాకు సంబంధం లేదని ధైర్యంగా కడపలో బస్సు దిగాను. మొదటి రోజు మొదటి క్లాసుకు పంపారు. కార్పొరేట్ అకౌంటింగ్.

ఆ రోజే పిల్లలు నాకు పేరు పెట్టారు. వినపడనివాళ్లలో ఇదొక పద్ధతి. ఒక్కో మనిషికి ఒక సైగ ఉంటుంది, అదే వాడి పేరు. మన పేరు మనం పెట్టుకోకూడదు, వాళ్లు మనల్ని చూసి పెట్టాలి. నాకు పెట్టింది నోటి దగ్గర వేళ్లు టపటపా కొట్టుకోవడం. అంటే నోరు మూయనివాడు. అరపూటలోనే మనిషిని అంత సరిగ్గా పట్టేస్తారని నేననుకోలేదు.

ఈ పనిలో ఒక నియమముంది. పిల్లలు ఏం చెప్తే అది మనం 'నేను' అనే చెప్పాలి. 'ఆ అమ్మాయి ఇలా అంటోంది' అనకూడదు. ఒకసారి ఒకమ్మాయి ప్రిన్సిపాల్ గదికి వెళ్లి లీవు అడిగింది. గడ్డం పెంచుకుని ఉన్న నేను చేతులు కట్టుకుని, "సార్, మా ఇంట్లో నన్ను చూసుకోవడానికి పెళ్లివాళ్లు వస్తున్నారు, నాకు ఇష్టం లేదు, అయినా పోవాల," అన్నాను. ప్రిన్సిపాల్ చాలాసేపు నన్నే చూసి, "ఇష్టం లేకపోతే ఎందుకప్పా పోయేది?" అన్నాడు, నిజమైన బాధతో.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. మొదటి బ్యాచ్‌లో కమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాయన చిన్న రైతు. ఉన్న కాస్త నేలలో ఉల్లిగడ్డ పెట్టి, ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. ఆ అమ్మాయికి లెక్కలంటే ఆకలి. అకౌంట్ల పదాలకు సైగల భాషలో గుర్తులు దొరక్కపోతే క్లాసు బయట అందరూ కూర్చుని సొంతంగా తయారు చేసుకునేవాళ్లు. గుడ్‌విల్‌కు ఏం పెట్టాలని రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి, ఒక కారం దోసె బండి ముందు జనం వరుస కట్టి ఉంటే పక్క బండివాడు ఈగలు తోలుకుంటున్నట్టు చూపించి, ఆ వరుసనే గుడ్‌విల్ అన్నారు. నాకు రెండు పరీక్షల్లో అర్థం కానిది అప్పుడు అర్థమైంది, ఆకలి కూడా వేసింది.

తరుగుదలకు, అదే డిప్రిసియేషన్‌కు, గుర్తు ఆ అమ్మాయిది. చూపుడువేలు నిలబెట్టి దాని అంచు మీద బొటనవేలితో కిందికి రాస్తుంది, రాసిన కొద్దీ వేలు వంగిపోతుంది. వాళ్లింట్లో నాయన కొడవలి నూరేటప్పుడు చూసి చిన్నప్పుడే కట్టుకున్న గుర్తు. నూరగా నూరగా కొడవలి సన్నబడుతుంది కదా. వాళ్లింట్లో అరిగిపోయే ప్రతిదానికీ, చెప్పుకు, చీపురుకు, అవ్వ పళ్లకు, అదే గుర్తు. అది మా క్లాసులో మిషన్లకు వచ్చింది.

ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. ఆ అమ్మాయి వాళ్ల ఊరి దగ్గర నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ లెక్కలు తీసుకుంది. తోడుగా నేనూ పోయాను. రాళ్లు కోసే మిషన్లు తిరుగుతుంటే ఆ రొదలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. పనివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ అమ్మాయి లోపలికి పోయిన కాసేపటికి అందరితో కలిసిపోయింది. నేనొక్కణ్నే చెవుల్లో దూది పెట్టుకుని ఒక మూల నిలబడ్డాను. ఇంటర్‌ప్రెటర్ కావాల్సింది ఆ రోజు నాకు.

ప్రాజెక్టు తర్వాత వైవా. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాడు. మొదటి సెమిస్టర్ చిన్న వైవాల నుంచే వినపడని పిల్లలకు మా కాలేజీలో ఒక దయగల ఏర్పాటు ఉండేది, వైవా నుంచి మినహాయింపు. పిల్ల లోపలికి పోయి నమస్తే పెడుతుంది. ఎగ్జామినర్ దిగులుగా నవ్వి యావరేజ్ మార్కులు వేస్తాడు. పిల్ల బయటికి వచ్చేస్తుంది. అందరూ మంచివాళ్లే. ఆ మార్కులకు మా పిల్లలు పెట్టుకున్న గుర్తు వేరే ఉంది. చెంప మీద చెయ్యి పెట్టి తల పక్కకు వంచడం. పాపం మార్కులు.

ఆ అమ్మాయికి అవి పనికిరావు. కారణం ఉంది. కడపలో ఒక ఆడిటర్ తన ఆఫీసులో పనికి తీసుకుంటానన్నాడు, ఒక షరతు పెట్టి. "వైవాలో అడిగిన దానికి జవాబు చెప్పిందని మీ హెడ్ మేడం చెప్తే రేపే రమ్మను. ఏమీ అడగకుండా పాస్ చేసినారంటే నాకొద్దు. నా ఆఫీసుకొచ్చే పార్టీలు ప్రశ్నలు అడుగుతారు, దయ చూపించరు." ఈ పని దొరక్కపోతే ఊళ్లో ఆమె కోసం ఉల్లిగడ్డ కోతలు సిద్ధంగా ఉన్నాయి. వాటికి వైవా ఉండదు.

వైవా కామర్స్ స్టాఫ్ రూములో పెట్టారు. లోపల ఎగ్జామినర్, మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం, ఆ అమ్మాయి, నేను. టీ గ్లాసులతో అటెండర్. అందరూ భాయ్ అని పిలిచే పెద్దాయన. కిటికీ బయట వరండాలో మిగతా పిల్లలు, వాళ్ల వెనక చేతిలో టవల్‌తో ఆ అమ్మాయి నాయన.

ఎగ్జామినర్ కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. "ఈయనెవరు?"

"ఇంటర్‌ప్రెటర్ సార్," అంది మేడం.

"ఎందుకు మేడం? మినహాయింపు ఉంది కదా. మార్కులేసేస్తాం. పాపం, బిడ్డను ఎందుకు ఇబ్బంది పెట్టేది?"

నేను అది ఆ అమ్మాయికి చేతులతో చెప్పాను. ఆమె చేతులు గబగబా కదిలాయి. "నాకు మినహాయింపు వద్దు సార్. నన్ను అడగండి," అన్నాను.

"మిమ్మల్నెందుకు అడగాల?"

"నన్ను కాదు సార్. ఆమె మాటే నేను చెప్తాండా."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "చూడండి. నేనొక ప్రశ్న అడుగుతా. మీరు చేతులు తిప్పుతారు. అందులో ప్రశ్న ఎంత, జవాబు ఎంత, నాకెట్ల తెలుస్తుంది? మీరు అట్ల చేస్తారని కాదు. చేయలేదని నేను ఎట్ల సంతకం పెట్టేది?"

న్యాయమైన మాటే. దానికి పద్ధతైన జవాబు ఒకటి ఉంది. ఇంటర్‌ప్రెటర్ నియమావళి, ప్రమాణం, వగైరా. మేడం అది చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ నా పేరే నోరు మూయనివాడు.

"సార్, ఆ భయమే వద్దు. కార్పొరేట్ అకౌంటింగ్ పేపరు నేను రెండుసార్లు తప్పినా. నాకు జవాబులు తెలిసుంటే ముందు నాకే చెప్పుకుందును."

భాయ్ నవ్వాడు. మేడం నవ్వింది. ఎగ్జామినర్ కూడా నవ్వి, కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. మీరే చెప్పండి. గుడ్‌విల్ అంటే ఏంది?"

మీరిక్కడ ఒక సంగతి గమనించాలి. నేను అప్పటికి మూడేళ్లుగా ఆ క్లాసులో నిలబడి, లెక్చరర్ చెప్పిన ప్రతి మాటా అర్థం చేసుకుని చేతుల్లోకి దించుతున్నాను. పరీక్ష లేదు కాబట్టి చదువుతున్నట్టు నాకు తెలియలేదు. మెదడు 'తెలియదను' అని చెప్పేలోపు చేతులు లేచాయి. దోసె బండి ముందు జనం వరుస కట్టారు. నోరూ చేతుల వెంటే పోయింది.

"కంటికి కనపడని ఆస్తి సార్. పేరు వల్ల వచ్చే లాభం. ఇంకొకరి దగ్గర కొంటేనే లెక్కల్లో చూపించాల. మనకు సొంతంగా వచ్చింది చూపించకూడదు."

కిటికీ బయట నా చేతులు చూసిన పిల్లలు సంబరపడి, రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించారు. వాళ్ల చప్పట్లు అవి. మా సార్ ఇన్నాళ్లకు పాసయ్యాడని.

"ఇది రెండుసార్లు తప్పినవాడు చెప్పే జవాబేనా?" అన్నాడు ఎగ్జామినర్.

జీవితంలో మొదటిసారి అకౌంట్లలో సరైన జవాబు చెప్పాను. ఒక అమ్మాయి ఉద్యోగం పోగొట్టడానికి అది సరిపోయేలా ఉంది.

ఆయన కోపంగా లేడు. అదే ఇబ్బంది. కోపమైతే తగ్గుతుంది. "రాత పరీక్ష పెడతా. ప్రశ్న రాసిస్తా, జవాబు రాయమనండి," అన్నాడు.

"అది సరి కాదు సార్," అంది మేడం. "పుట్టినప్పటి నుంచి వినని బిడ్డలకు మన తెలుగూ, ఇంగ్లీషూ నేర్చుకున్న భాషలు. వాళ్ల మాట చేతుల్లో ఉంటాది. రాస్తే వాక్యం తప్పుపోతాది, మీరు లెక్క తప్పిందనుకుంటారు. మీరు జవాబులన్నీ కన్నడంలో రాయాలంటే రాస్తారా?"

"అయితే మినహాయింపే మేడం. నాకింకో దారి లేదు." ఆయన పెన్ను మూత తీశాడు.

ఆ అమ్మాయి బల్ల మీద తట్టింది. వినపడనివాళ్లు మనిషిని పిలవాలంటే ఏదో ఒకటి తడతారు. కాస్త గట్టిగానే తట్టింది, టీ గ్లాసులు కదిలాయి. ఆయన తలెత్తాడు. ఆమె చేతులు నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా కదిలాయి. నా ఉద్యోగ ధర్మం ప్రకారం నేను దాన్ని నోటితో చెప్పాలి. చెప్పాను.

"సార్, ఈయన చేతులు కట్టేయండి."

"ఏంది?"

"ఈయన చేతులు కట్టేయండి. ప్రశ్న మీరే నాకు అర్థమయ్యేట్ల అడగండి. నేను చెప్పేది ఈయన నోటితో చెప్తాడు. చేతులు లేకపోతే ఈయన నాకు మూగోడే."

నేను చెప్తున్నది నా గురించేనని చెప్పడం అయిపోయాక అర్థమైంది. ఎగ్జామినర్ మేడం వైపు చూశాడు. మేడం కిటికీ వైపు చూసింది, నవ్వు ఆపుకోవడానికి.

"కట్టేదానికి ఏముండాది ఈడ?" అన్నాడు ఆయన చివరికి, ఒప్పుకున్నట్టు.

"తాడెందుకు సార్, నేనుండా కదా," అన్నాడు భాయ్. టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని నా వెనక్కి వచ్చాడు. రెండు మణికట్లూ వీపు వెనక కలిపి పట్టుకున్నాడు. "ఏం ఫికర్ చేయొద్దు నాయనా. గట్టిగా పట్టుకున్యానా?"

"గట్టిగానే ఉండాది భాయ్."

"మొహం కూడా కదపొద్దు," అన్నాడు ఎగ్జామినర్. ఈయనకు ఈ భాష గురించి కాస్త తెలుసని అప్పుడు అనుమానం వచ్చింది. సగం సైగ కనుబొమ్మల్లోనే ఉంటుంది. నేను పాస్‌పోర్ట్ ఫోటోకు దిగినట్టు ముఖం పెట్టాను.

ఆయన బోర్డు మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాశాడు. దానికి తల ఒక చోట, తోక ఒక చోట, మధ్యలో రెండు కామాలు. ఆ అమ్మాయి చదివింది. మళ్లీ చదివింది. తల అడ్డంగా ఊపింది. ఆయన దాన్ని తుడిచి అదే ప్రశ్న ఇంకా పెద్ద అక్షరాలతో రాశాడు. మన మాట అర్థం కానివాడితో మనం గట్టిగా అరుస్తాం కదా, బోర్డు మీద అరవడం అంటే అదే.

ఆమె అలవాటుగా నా వైపు చూసింది. ఆ ప్రశ్న నాకు తెలుసు. మిషన్ విలువను ఏటా ఒకే మొత్తం కాకుండా, మొదట్లో ఎక్కువగా, పోను పోను తక్కువగా ఎందుకు తగ్గించావు అని. జవాబు ఆమెకూ తెలుసు, ఆ కారణం క్లాసులో అందరికీ చెప్పింది ఆమే. మా ఇద్దరి మధ్య ఉన్న దూరం నాలుగు సైగలు. వీపు వెనక నా బొటనవేలు దానంతటదే చూపుడువేలు మీదికి పోయింది.

"ఏమప్పా, ఏలు కదులుతాండాది," అన్నాడు భాయ్ నా చెవిలో. "ఊరికే ఉండు. బిడ్డ మాట పోతాది."

ఊరికే ఉన్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఉద్యోగంలో అన్నింటికన్నా కష్టమైన పని అదే. జీతం చేతులు కదిపినందుకు ఇస్తారు, ఊరికే ఉన్నందుకు ఇవ్వరు. ఆమె నా ముఖం చూసింది, అక్కడ ఏమీ లేదని తెలుసుకుంది, నా మీద నుంచి చూపు తీసేసింది. మళ్లీ బోర్డు వైపు తిరిగింది. ఎగ్జామినర్ వాచీ చూసుకున్నాడు. పెన్ను తీసుకుంటాడనుకున్నాను.

అయితే ఆయన ఎగ్జామినర్ కాకముందు చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ముందు కూర్చున్న పిల్లకు తన ప్రశ్న అర్థం కాకపోతే ఆ రకం మనుషులకు నిద్ర పట్టదు. చాక్‌పీసు మళ్లీ చేతికి తీసుకున్నాడు. తర్వాత బోర్డు మీద ఒక స్కూటర్ బొమ్మ వేశాడు. స్కూటరని నాకు ఎట్ల తెలిసిందంటే, వేశాక ఆయన దాన్ని ఎక్కాడు.

గది మధ్యలో నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, కాలెత్తి కిక్ కొట్టాడు. ఒక్క కిక్కుకే బండి స్టార్టయింది. ముఖం వెలిగింది. కొత్త బండి. తర్వాత నడుము కాస్త వంచి మళ్లీ కొట్టాడు. రెండు, మూడు. చెమట తుడుచుకున్నాడు. తర్వాత బండిని పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి, కొట్టి, కొట్టి, దిగి, దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"సార్ బండి మా బావమరిది బండి మాదిరే ఉండాది," అన్నాడు భాయ్ భక్తిగా.

ఎగ్జామినర్ ఆయాసపడుతూ బోర్డు దగ్గరికి పోయి రెండు వరుసలు గీశాడు. ఒక దాంట్లో ప్రతి ఏడూ ఒకే అంకె. రెండో దాంట్లో అంకె ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఆమె ప్రాజెక్టు రిపోర్టు తెరిచి, రెండో వరుసను చూపించి, రెండు అరచేతులూ పైకి తిప్పి, కనుబొమ్మలు ముడిచాడు. ఎందుకు?

సైగల భాషలో 'ఎందుకు' అని అడగడానికి కనుబొమ్మలు అట్లాగే ముడవాలి. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆ అమ్మాయి ముఖంలో లైటు పడింది. చూపుడువేలు నిలబెట్టి బొటనవేలితో కొడవలి నూరింది, ఇక ఆగలేదు. నేను ఆమె చేతుల వెనక పరిగెత్తాను.

"సార్, మిషన్ కొత్తగా ఉన్నప్పుడు పని ఎక్కువ చేస్తాది. రిపేర్లు ఉండవు. అందుకని మొదట తరుగు ఎక్కువ రాసినా. ముసలిదయ్యే కొద్దీ తరుగు తక్కువ, రిపేరు ఖర్చు ఎక్కువ. రెండూ కలిపితే ఏటా పడే భారం ఇంచుమించు సమానం. ఏటా ఒకే తరుగు రాస్తే, మీ స్కూటర్ చివర్లో మిమ్మల్ని రెండు పక్కలా తంతాది."

చివరి మాట కూడా ఆమెదే. నేను కలపలేదు. నా మీద ఉన్న పేరు వల్ల ఇది ప్రత్యేకంగా రాయాల్సి వస్తోంది.

ఆయన నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మంచి ఎగ్జామినర్‌కు నచ్చిన జవాబు దొరికిందంటే పిల్లకు ఇంకా కష్టమొచ్చిందని అర్థం. రిపోర్టు తిరగేసి ఒక చోట వేలు పెట్టాడు. రాళ్లు కోసే బ్లేడ్లు. వాటిని మిషన్లతో కలిపి ఆస్తిలో చూపకుండా ఖర్చులో వేసింది. మళ్లీ అరచేతులు తిప్పి, కనుబొమ్మలు ముడిచాడు.

"ఓనరు ఆస్తిలోనే రాసుకున్యాడు సార్. నేనే మార్చినా," అన్నాను. "ఆయన ఒప్పుకోలేదు. అరిగిన బ్లేడు ఒకటి, కొత్త బ్లేడు ఒకటి ఆయన ముందర పెట్టినా. కొత్తది ఎన్నాళ్లుంటాదని అడిగినా. మళ్లీ నెల చూడదని ఆయనే చెప్పినాడు. ఏడాది కూడా బతకనిది ఆస్తి ఎట్లయితాది సార్?"

"నువ్వెప్పుడు అడిగితివప్పా?" అన్నాడు భాయ్ వెనక నుంచి.

"ఆ అమ్మాయి అడిగింది భాయ్."

"ఓనరుతో వాదించినావా? ఎట్ల?" అన్నాడు ఎగ్జామినర్. ఈ ప్రశ్న నోటితోనే వచ్చేసింది. తర్వాత తనే గుర్తు తెచ్చుకుని, ఆమెను చూపించి, గాల్లో ఒక లావాటి ఓనర్‌ను గీసి, రెండు చేతులతో వాళ్లిద్దరినీ కొట్లాడించాడు.

"ఆడ మిషన్ల రొదలో ఆయనకూ వినపడదు సార్," అన్నాను. "ఆ రోజు ఇద్దరం సమానమే."

అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత ఎన్ని అడిగాడో నేను లెక్కపెట్టలేదు. కొన్ని బొమ్మలేశాడు, కొన్ని నటించాడు, మధ్యలో ఒకసారి ఆమె లేచి ఆయన బొమ్మను దిద్దింది. ఒక ప్రశ్నకు ఆమె తప్పు చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపి వేలు ఆడించాడు, ఏ పిల్లనైనా ఆపినట్టే ఆపాడు. ఆమె ఆలోచించి దిద్దుకుంది. తప్పు చెప్పి దిద్దుకునే అవకాశం ఆ గదిలో అంతవరకూ వినపడని పిల్లలెవరికీ రాలేదు. మినహాయింపులో తప్పులుండవు.

చివరికి ఆయన చాక్‌పీసు కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "ఈ గుర్తేంది?" అని చూపుడువేలు మీద బొటనవేలితో రాసి చూపించాడు.

"మా నాయన కొడవలి సార్," అన్నాను.

"భాయ్, ఇంక ఆయన్ను వదిలిపెట్టు," అన్నాడు ఎగ్జామినర్. "ఏమన్నా కదిలించినాడా?"

"ఒక్కసారి ఏలు కదిలింది సార్," అన్నాడు భాయ్. అబద్ధమాడే మనిషి కాదు. "నేను అణిచేసినా. బిడ్డకు కనపడలా."

మేమంతా బయటికి వచ్చేసరికి వరండాలో ఆమె నాయన టవల్ తల మీద కప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. మొదటి నుంచీ అట్లాగే ఉన్నాడట. అందువల్ల స్కూటర్ చూడలేకపోయాడు. అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచి ఎగ్జామినర్‌కు చేతులు జోడించాడు. పాసయిందా అని అడుగుతాడనుకున్నాను.

"అడిగినారా సార్?" అన్నాడు.

"అడిగినాను పెద్దాయనా. శానా అడిగినా. మీ అమ్మాయి నన్ను కూడా దిద్దింది."

ఆయనకు అంతా అర్థమైందో లేదో. టవల్‌తో ముఖం తుడుచుకుని, ఎగ్జామినర్ మెట్లు దిగుతుంటే పక్కన చెయ్యి ఆసరా ఇచ్చాడు. రెండు మెట్లు దిగి ఎగ్జామినర్ ఆగాడు. స్కూటర్ కిక్కులు మోకాళ్లకు పట్టినట్టున్నాయి. తన మోకాలు చూపించి, చూపుడువేలు నిలబెట్టి, బొటనవేలితో కిందికి రాసి, వేలు వంచాడు.

ఆమె నాయన బిత్తరపోయాడు. వాళ్లింటి వాకిట్లో పుట్టిన గుర్తు, కోటు వేసుకున్న మనిషి చేతిలో. తర్వాత తన మోకాలూ చూపించి, అదే గుర్తు చేసి, నవ్వాడు. ఇద్దరూ మాట లేకుండా మెట్లు దిగిపోయారు. వాళ్లకు ఇంటర్‌ప్రెట్ చేయడానికి నేను పైనే ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు.

ఆ సాయంత్రమే మేడం ఆడిటర్‌కు ఫోన్ చేసింది. ఆయన కూడా మార్కులు అడగలేదు. "అడిగినారా?" అన్నాడు. "అడిగినారు," అంది మేడం. ఆ అమ్మాయి ఇప్పుడు ఆయన ఆఫీసులో ఉంది. పార్టీలు ఆమెకు ఫోన్లో టైపు చేసి అడుగుతారు, ఆమె అంకెలతో జవాబిస్తుంది. బ్లేడ్ల ఓనర్ కూడా తన లెక్కలు అక్కడికే తెస్తాడని విన్నాను.

ఆ తర్వాత పిల్లలెవరూ పాపం మార్కులు తీసుకోలేదు. వైవా అంటే ఒక పక్క నా చేతులు భాయ్ చేతుల్లో, ఇంకో పక్క ఎగ్జామినర్ బోర్డు దగ్గర. కొందరు ఎగ్జామినర్లు బొమ్మలు బాగా వేసేవాళ్లు. ఒకాయన షేర్‌హోల్డర్లను చూపించడానికి కుర్చీలన్నీ జరిపించాడు. పద్ధతి కుదిరిందని చూసి కాలేజీ వాళ్లు ఇంటర్‌ప్రెటర్ పోస్టును పర్మనెంట్ చేశారు. డిగ్రీ పాసై ఉండాలని నిబంధన పెట్టారు. నేను అట్లా రిటైరయ్యాను. దించేసింది మళ్లీ ఆ పేపరే. ఆ తర్వాత మూడోసారి కూర్చుని రాశాను, పాసయ్యాను. గుడ్‌విల్ ప్రశ్న రాలేదు.

నా చోటికి వచ్చిన అమ్మాయి నాకన్నా బాగా చేస్తుంది, నాకన్నా తక్కువ మాట్లాడుతుంది. నేనిప్పుడు కర్నూలులో కొత్తవాళ్లకు సైగల భాష నేర్పుతున్నాను. ఎప్పుడు చేతులు కదపకూడదో మొదటి వారంలోనే చెప్పేస్తాను.

ఒక్కటి మిగిలింది. ఆ వైవా అయిన మరుసటి రోజు పిల్లలు నా పేరు మార్చేశారు. నోటి దగ్గర టపటపలాడే వేళ్లు పోయాయి. దాని బదులు ఒక మణికట్టు మీద ఇంకో మణికట్టు పెట్టి, బేడీలు వేసినట్టు కదలకుండా పట్టుకోవడం వచ్చింది. వాళ్ల పేర్లు ఫోను వీడియోల్లో ఊరూరూ తిరుగుతాయి. నా పేరు కూడా తిరిగింది.

మొన్న మైదుకూరు బస్టాండులో కర్నూలు బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పక్కన ఒక పెద్దాయన, మధ్యలో ఆయన సంచి. భుజానికి కొత్త బ్యాగు తగిలించుకున్న ఒక కుర్రాడు నన్ను దూరం నుంచి చూసి చూసి దగ్గరికి వచ్చాడు. నాకు తెలియని మనిషి. రెండు మణికట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కనుబొమ్మలు ఎత్తాడు. మీరేనా?

నేనూ మణికట్లు కలిపి చూపించాను. నేనే.

అతనికి కడప కాలేజీలో సీటు వచ్చిందట. చుట్టూ ఒకసారి చూసి, అసలు సంగతి అడిగాడు. అక్కడ మమ్మల్ని నిజంగా ప్రశ్నలడుగుతారా?

అడుగుతారు, గట్టిగానే అడుగుతారు అని చెప్పాను.

అతను తల ఊపి, నవ్వుకుంటూ కడప బస్సు ఎక్కాడు. అతనికి చెయ్యి ఊపి ఇటు తిరిగేసరికి, పక్కనున్న పెద్దాయన నా మణికట్ల వైపు ఒకసారి చూసి, తన సంచిని మెల్లగా అవతలి పక్కకు జరుపుకున్నాడు.